ఎదురుగాలిలో దీపము: దేవరగట్టు నేర్పు ప్రార్థన



దైవమును నమ్మితిమని చెప్పుట సులభము. ఇంట పిల్లలు ఆరోగ్యముగా నుండి, గాదెలో గింజలుండి, భర్త ముఖమున నవ్వు కనబడు దినమున దేవునికి దీపము పెట్టుటకు ఎవ్వరికిని కష్టము లేదు. నమ్మకమునకు పరీక్ష ఎదురుగాలి వీచినప్పుడే వచ్చును. మనము మంచి సంకల్పముతో నొక పని తలపెట్టుదుము. దానికి ఇంటనే ఎవరో యడ్డు నిలుతురు. రోగము కుదురుటకై మ్రొక్కుకొందుము, రోగము ముదురును. పగ వలదని కోరుకొందుము. పగవాడు గుమ్మము ముందు నిలిచి కవ్వించును. అట్టి వేళ మనస్సు సాధారణముగా రెండు త్రోవలలో నొకదాని పట్టును. ఒకటి భయము, రెండవది క్రోధము. ఈ రెండును గాక మూడవ త్రోవ యొకటి కలదనియు, దానిపేరు ప్రార్థన యనియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఈ నెల ఆ మూడవ త్రోవను గూర్చి, కర్నూలు జిల్లా పడమటి సీమలోని దేవరగట్టు కథ నాధారముగా గొని ముచ్చటింతము.

దేవరగట్టు ఆదోని ప్రాంతమున, హొళగుంద మండలములో, కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న కొండ. ఆ కొండపై మాళమ్మయు, మల్లేశ్వరస్వామియు వెలసియున్నారు. ఆ దంపతులను గలిపి మాళ మల్లేశ్వరస్వామి యని భక్తులు పిలుతురు. చుట్టుపట్ల నున్న యూళ్లలో తెలుగును కన్నడమును గలిసియే వినబడును. విజయదశమినాటి రాత్రి యిచ్చట జరుగు నుత్సవమునకు బన్ని యని పేరు. బన్ని యనగా కన్నడమున జమ్మిచెట్టు. దసరానాడు మనము జమ్మియాకు చేతబట్టి పెద్దలకు నమస్కరించుచున్నాము గదా, ఆ జమ్మియే ఈ యుత్సవమునకు పేరైనది. కాని పత్రికలు దీనిని "కర్రల సమరము" అని వ్రాయుచుండుటచేత దూరముననున్న వారికి దేవరగట్టు అనగానే దివిటీలు, కర్రలు, పగిలిన తలలు మాత్రమే మనస్సునకు వచ్చును. ఆ రాత్రి వెనుకనున్న పురాతన కథ మాత్రము కర్రతో నారంభము కాలేదు. అది ప్రార్థనతో నారంభమైనది.

ఆ కథ ఇట్టిది. మణి, మల్లుడు అను నిద్దరు రాక్షస సోదరులుండిరి. వారు బ్రహ్మవలన వరములు పొంది, తమ నెవ్వరును గెలువలేరను గర్వముతో మునుల యాశ్రమములపై బడి, తపస్సులు చెరచి, యజ్ఞములు పాడుచేయుచుండిరి. ఈ కథను మన దేవరగట్టువారే గాక, మహారాష్ట్రమున జేజూరిలో ఖండోబాను గొలుచువారును, కర్ణాటకమున మైలారలింగని గొలుచువారును చెప్పుకొందురు. సంస్కృతమున మల్లారి మాహాత్మ్యమను గ్రంథమునకు ఇదియే వస్తువు. సీమ మారిన కొలది వివరములు కొంత మారును. ప్రతి యూరివారును ఆ యుద్ధము తమ కొండమీదనే జరిగెనందురు. అది భక్తికి సహజమే. తమ దేవుడు తమ యింటికి దూరమున నుండెనని యే బిడ్డయు ననుకొనదు గదా!

ఆ మునులకు కత్తి లేదు, కోట లేదు, సైన్యము లేదు. వారికున్నది ప్రార్థన యొక్కటే. మల్లారి మాహాత్మ్యమున చెప్పిన ప్రకారము వారు మొదట నింద్రుని యొద్దకు బోయి మొరపెట్టుకొనిరి. బ్రహ్మ యిచ్చిన వరమునకు నేనేమి చేయగలనని యింద్రు డనెను. తరువాత విష్ణువు నాశ్రయించిరి. అచ్చటను తనవలన గాదను మాటయే వినబడెను. అప్పుడు వారు శివునొద్దకు బోయిరి. శివుడు మార్తాండభైరవ రూపమున, ఒడలెల్ల పసుపుతో బంగారువలె మెరయుచు వెడలి, ఆ రాక్షసులను గూల్చెను. నేటికిని ఈ స్వామి క్షేత్రములలో పసుపు చల్లుకొనుట, దానిని ప్రసాదముగా ధరించుట ఈ కారణముననే.

సోదరీమణులారా! ఈ కథలో యుద్ధము చాల పెద్దది. కాని నా మనస్సు యుద్ధమునకంటె ముందు జరిగిన రెండు నిరాకరణముల యొద్దనే నిలుచును. ఇంద్రుడు కాదనెను, విష్ణువు కాదనెను. మనమైనచో ఏమి చేసియుందుము? ఒక వ్రతము ఫలింపకపోగానే వ్రతమునే నిందింతుము. ఒక మ్రొక్కు నెరవేరకపోగానే దేవుడే లేడందుము. లేదా ఆ రాక్షసులతో రాజీపడి, వారి చెప్పుచేతలలో బ్రతుకుదుము. మునులు ఈ రెండును జేయలేదు. తలుపు తెరువని వారిపై పగబట్టలేదు. మూడవ తలుపు కడకు నడచిరి. నమ్మకమనగా అడిగినవెంటనే దొరకునను ధీమా యని కొందరు తలంతురు. నిరాకరణము విన్న తరువాతను అడుగుటకు మిగిలియున్న ధైర్యమే నమ్మకమని ఈ కథ చెప్పుచున్నది.

ఇక కథ చివర నింకొక విశేషము కలదు. ఓడిపోయిన యిద్దరు సోదరులలో మణికి చివరి క్షణమున పశ్చాత్తాపము గలిగెను. తన తెల్లని గుర్రమును స్వామికి సమర్పించి, నీ సన్నిధిని నాకు నిలువ నిమ్మని వేడుకొనెనట. అందుచేతనే అనేక క్షేత్రములలో స్వామి యొద్ద మణికిని చోటు దొరకెను. మల్లుడు మాత్రము చచ్చుచును లోకనాశమునే, నరమాంసమునే కోరెనట. ఒక్క తల్లి బిడ్డలు, ఒక్క వరము, ఒక్క యుద్ధము, ఒక్క ఓటమి. కాని ఒకని నోట ప్రార్థన వచ్చెను, ఇంకొకని నోట విషము వచ్చెను. మనకెదురు నిలిచినవాడు ఏనాడో మణి కాగలడను ఆశతో ప్రార్థించుట మంచిది. శత్రువు చావవలెనని కోరుట సులభము. శత్రువు మారవలెనని కోరుటకు దేవునిపై నమ్మక మెక్కువ కావలెను.

దేవరగట్టులో ఈ చివరి ఘట్టమునకు స్థానికమైన రూపమొకటి కలదు. ప్రాణములు విడుచు రాక్షసులు ఏటేట నరబలి కావలెనని స్వామిని అడిగిరనియు, స్వామి దాని కొప్పుకొనక, ఒక భక్తుని శరీరమునుండి పిడికెడు రక్తము మాత్రము సమర్పింపజేయుదునని చెప్పెననియు అచ్చటివారు చెప్పుదురు. నేటికిని విజయదశమి రాత్రి ఊరేగింపు అడవిత్రోవన రక్షపడ యను స్థలమునకు చేరినప్పుడు, ఆ యధికారము వంశపారంపర్యముగా గల గొరవయ్య తన తొడనుండి కొంచెము రక్తము తీసి సమర్పించును. గొరవయ్యలనగా ఈ స్వామి సేవకే యంకితమైనవారు. నల్లని కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపి, చేత డమరుకము, పిల్లనగ్రోవి వారి గురుతులు.

ఈ యాచారమును జూచి మనలో కొందరికి ఒడలు జలదరింపవచ్చును. కాని దాని యర్థము కొంచెము నిదానించి యోచింపుడు. రాక్షసుడు మనుష్యుని ప్రాణము నడిగెను. స్వామి ఆ కోరికను తగ్గించి తగ్గించి పిడికెడు రక్తమునకు దింపెను. అదియు రాక్షసుని కోరికయే గాని స్వామి కోరిక గాదు. ఆ యొప్పందము ప్రకారము ఏడాదికి చెల్లవలసిన ఋణమంతయు ఒక్క గొరవయ్య తొడనుండి యొలికిన రక్తముతో తీరిపోయినది. అటులైన పక్షమున, ఆ రాత్రి పగిలిన తలలనుండి కారు నెత్తురు ఎవరి ఖాతాలో జమ యగుచున్నది? స్వామి యడుగలేదు. కథయు నడుగలేదు. ఈ ప్రశ్న భక్తిలేనివారు వేయు ప్రశ్న గాదు. భక్తిగల తల్లులును అక్కలును వేయవలసిన ప్రశ్న.

ఉత్సవక్రమమును చూచినచో ఈ ప్రశ్నకు బలము హెచ్చును. స్వామివారిని మోయుట, కాపాడుట నెరణికి, నెరణికి తండా, కొత్తపేట అను మూడు గ్రామములవారి హక్కు. ఉత్సవదినములలో వారు మాంసము ముట్టరు, మద్యము త్రాగరు, కాళ్లకు చెప్పులు తొడుగరు, బ్రహ్మచర్యము పాటింతురు. విజయదశమినాటి రాత్రి కొండకు బయలుదేరుటకు ముందు అందరును గూడి పాలబాస చేయుదురు. పాలు చేతబట్టి, తమలో తమకు కక్షలు లేవనియు, కట్టుబాటు తప్పక ఉత్సవము నడిపింతుమనియు ప్రమాణము చేయుటయే పాలబాస. ఆపై కొండమీద నడిరేయి స్వామివారి కల్యాణము జరుగును. కల్యాణము ముగిసిన పిదప ఉత్సవమూర్తులు దివిటీల వెలుగున కొండ దిగివచ్చును. రక్షపడ మీదుగా, జమ్మిచెట్టు మీదుగా సాగి, తెల్లవారుజామున బసవన్నగుడి యొద్ద కార్ణికము చెప్పబడును. కార్ణికమనగా రాబోవు ఏడాది వానలెట్లుండును, పంటలెట్లుండును, ధరలెట్లుండును అని పూజారి నోట వెలువడు భవిష్యవాణి.

చూచితిరా! ఈ యుత్సవమునకు తల ఉపవాసము, గుండె పాలబాస, నడుము దేవకల్యాణము, అంతము వానకై యెదురుచూపు. కర్రలు నడుమ వచ్చినవి. ఆ కర్రలు మొదట చీకటిలో అడవిత్రోవన స్వామివారికి రక్షణగా పట్టినవని పెద్దలు చెప్పుదురు. కాలక్రమమున స్వామివారు మా యూరికి వచ్చిన మాకు మేలగునను నమ్మకముతో ఇతర గ్రామములవారు మూర్తులను తమవైపు త్రిప్పుకొన యత్నించుట, మూడు గ్రామములవారు అడ్డుకొనుట వాడుకయైనది. వేలకొలది జనము, ఇనుపకట్లు వేసిన కర్రలు, మండు దివిటీలు, చీకటి, త్రొక్కిసలాట. ఏటేట పదులకొలది మనుష్యులు గాయపడుచున్నారు. కొన్ని యేండ్లలో ఆ సంఖ్య నూరు దాటినది. 2023లోను, 2025లోను ప్రాణములును బోయినవి. ప్రభుత్వమువారు పోలీసులను నిలుపుచున్నారు, తాత్కాలిక వైద్యశిబిరములు పెట్టుచున్నారు, పెద్ద దెబ్బలు తగిలినవారిని ఆదోని, ఆలూరు ఆసుపత్రులకు పంపుచున్నారు. అయినను దెబ్బ తిని పసుపు రాచికొని మరల గుంపులో గలియువారు ఇప్పటికిని గలరు.

ఆ గ్రామములవారు మూర్ఖులని చెప్పుట మన యుద్దేశము గాదు. వారి భక్తి మన భక్తికంటె తక్కువదియు గాదు. మండుటెండలో చెప్పులులేక దినములు గడుపువాని నియమమును, పంకా క్రింద కూర్చుండి విమర్శించుటకు మనకేమి యధికారము? మనము చెప్పదలచినది వేరు. దైవకార్యమున ఎదురువచ్చు శక్తి యేదో గుర్తింపక పోయినచో, ప్రార్థించినవాడే ఆ శక్తికి పనిముట్టు కాగలడు.

ఆ రాత్రి రెండువైపుల నిలిచినవారును ఒకే స్వామిని స్మరించుచుందురు. ఇరువురి నొసటను ఒకే పసుపు. ఇరువురి యిండ్లలోను ఒకే దేవుని పటము. అటులైనపుడు ఇందులో మణి యెవరు, మల్లు డెవరు? పొరుగూరివాడు రాక్షసుడు గాడు. పాలబాసను మరపించు కోపము రాక్షసుడు. నిష్ఠ నడుమ దూరు సారా రాక్షసుడు. ఉత్సవము పేరు చెప్పి పాతకక్ష తీర్చుకొన జూచు బుద్ధి రాక్షసుడు. దెబ్బకు భయపడితివా యని పడుచువానిని ఎత్తిపొడుచు గర్వము రాక్షసుడు. వీనికి బ్రహ్మవర మున్నట్లే తోచును. ఎన్ని యేండ్లు గడచినను చావవు. వీనిని కర్ర చంపలేదు. కర్ర తగిలిన కొలది ఇవి బలియును. పూర్వము మునులు చేసిన పనియే ఇచ్చట మిగిలిన యుపాయము.

ఇక ఆ సీమ యిండ్లలో ఆ రాత్రి మేల్కొనియుండు స్త్రీలను దలపుడు. కొడుకు కొండకు బోయినాడు. భర్త దివిటీ పట్టినాడు. తమ్ముడు ఏ ప్రక్క గుంపులో నున్నాడో తెలియదు. తెల్లవారి తలుపు తట్టువాడు నవ్వుచు వచ్చునో, ఎవరి భుజముపైనో వ్రాలి వచ్చునో తెలియదు. ఇట్టి రాత్రి భారతదేశమున ప్రతి స్త్రీకిని ఏదో యొక రూపమున వచ్చుచునే యుండును. ఆసుపత్రి వరండాలో గడిచిన రాత్రి, త్రాగుబోతు భర్తకై యెదురుచూచిన రాత్రి, ఇంటి పంపకముల తగవులో అన్నదమ్ములు కత్తులు నూరిన రాత్రి, అన్నియు దేవరగట్టు రాత్రులే. అట్టి రాత్రి మన మేమని ప్రార్థింపవలెను?

మావారు గెలువవలెను అని ప్రార్థించినచో అవతలి యింటనొక తల్లి అదే మాట ప్రార్థించుచుండును. దేవుడు ఎవరి మాట వినవలెను? మావారికి దెబ్బ తగులకూడదు అని ప్రార్థించుట సహజము. కాని దానికి ఇంకొక మాట చేర్చుడు: మావారి చేత ఎవ్వరికిని దెబ్బ తగులకూడదు. ఈ రెండవ మాట నోట వచ్చినపుడు ప్రార్థన నిజమైనదగును. అప్పుడు అవతలి తల్లి ప్రార్థనయు మన ప్రార్థనయు ఒక్కటే యగును. ఆ రెంటిని దేవుడు ఒక్కమారే విన గలడు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ప్రార్థించి కూర్చుండిన చాలునా? చాలదు. మునులు ప్రార్థించుచు ఒక వాకిటినుండి మరియొక వాకిటికి నడచిరని చూచితిమి. ప్రార్థనకు కాళ్లు కూడ నుండవలెను. పండుగకు పది దినములు ముందుగనే ఇంటికి మద్యము రాకుండ జూచుట స్త్రీ చేతిలో కొంతయైన నున్నది. పదునెనిమిదేండ్లు నిండని బాలుని ఆ రాత్రి గుంపులోనికి పోనీయక కల్యాణము చూపి వెనుకకు దెచ్చుట తల్లి చేతిలో నున్నది. పాలబాస చేసి వచ్చిన భర్తకు ఆ బాసను జ్ఞప్తి చేయుట ఇల్లాలి హక్కు. తల పగిలినవానికి పసుపు రాచి ఊరకుండక వెంటనే డాక్టరునొద్దకు పంపుటయు ప్రార్థనలో భాగమే. పసుపు స్వామివారి ప్రసాదము, సందేహము లేదు. కాని తలలోపల తగిలిన దెబ్బ పైకి కనబడదు. డాక్టరు చేతిలో సూదియు దేవుడిచ్చినదే. మందు మ్రింగినంత మాత్రమున భక్తి తరుగదు.

ఆదోని సీమలోనే ప్రార్థనాబలమునకు ఇంకొక ప్రసిద్ధమైన కథ కలదు. పదునేడవ శతాబ్దమున ఆదోనికి బిజాపురపు సుల్తానుల పక్షమున సిద్ది మసూద్ ఖాన్ అధికారిగా నుండెను. వెంకన్న యను చదువురాని పశులకాపరి యొకడు శ్రీ రాఘవేంద్రస్వామివారి యాశీర్వాదము పొంది, ఆపదలో నన్ను తలపుమను మాటను మనస్సున నుంచుకొనెను. ఒకనాడు దారిన బోవుచున్న అధికారికి జాబు రాగా, ఎదుట గనబడిన వెంకన్నను చదివి వినిపింపుమనెను. అక్షరము రాదన్నను అధికారి నమ్మలేదు. చదువకున్న దండన తప్పదనెను. వెంకన్న కన్నులు మూసి గురువును తలచెను. తెరచి చూడగా జాబు చదువ వచ్చెను. అందు శుభవార్త యుండెను. అధికారి సంతసించి అతనిని కొలువున నిలిపెను. క్రమముగా అతడు ఆదోని దివానయ్యెనని మఠసంప్రదాయమున చెప్పుదురు.

తరువాత అదే వెంకన్న ద్వారమున స్వామివారి మహిమ అధికారి చెవిని బడినది. స్వామివారిని పరీక్షింపదలచి అధికారి గుడ్డ కప్పిన పళ్లెములో మాంసము సమర్పించెననియు, స్వామివారు కోపింపక మంత్రోదకము చల్లగా అది పూలు, పండ్లుగా మారెననియు కథ. అధికారి సిగ్గుపడి క్షమింపుమని వేడి, భూమి దానము చేయ సిద్ధపడెను. స్వామివారు సారవంతమైన గ్రామములు వలదని తుంగభద్ర యొడ్డున మంచాల గ్రామమునే కోరిరి. అదియే నేటి మంత్రాలయము. 1671లో స్వామివారు అచ్చట బృందావన ప్రవేశము చేసిరి. నేటికిని యాత్రికులు మొదట గ్రామదేవత మంచాలమ్మను దర్శించి, పిమ్మట బృందావనమును సేవింతురు.

ఈ కథలోని యద్భుతమును నమ్ముట మీ మీ విశ్వాసముపై నున్నది. కాని ఒక్క మాట గమనింపుడు. ఎదురు నిలిచిన యధికారిని స్వామివారు శపింపలేదు. అవమానమునకు అవమానము బదులీయలేదు. పళ్లెమును త్రోసివేయలేదు, దానిమీదనే నీరు చల్లిరి. ఎదిరించినవాడు దాత యయ్యెను. ఆదోనిలోని జామియా మసీదును గట్టించినది ఈ సిద్ది మసూద్ ఖానే యని చెప్పుదురు. తన దేవుని తానుగా గొలిచినవాడే పరుల దేవునికిని భూమి యిచ్చెను. మణి గుర్రమిచ్చినట్లు ఇతడు గ్రామమిచ్చెను.

శ్రీ రాఘవేంద్రస్వామివారు ప్రహ్లాదుని యవతారమని భక్తుల నమ్మకము. ఎదురుగాలిలో ప్రార్థన మాట వచ్చినపుడు ప్రహ్లాదుని తలపక ముగించుట ఎట్లు? ఆ బాలునికి విరోధి పొరుగువాడు గాడు, కన్నతండ్రి. విషము, ఏనుగులు, పాములు, అగ్ని, సముద్రము అన్నియు నెదురైనవి. ఆ బాలుడు ఒక్కమారైనను తండ్రికి కీడు కోరలేదు. హిరణ్యకశిపుడు కూలిన పిదప నరసింహస్వామి వరమడుగుమనగా, తన తండ్రిని పవిత్రుని జేయుమని వేడెను. ఆ నరసింహుడు వెలసెనని చెప్పబడు అహోబిలము ఈ రాయలసీమలోనే, నేటి నంద్యాల జిల్లాలో నున్నది.

అట్టి గుండె ఆ పసివానికి ఎచ్చటనుండి వచ్చెను? పోతనగారి భాగవతమున ప్రహ్లాదుడే తన తోటి రాక్షసబాలురకు ఈ సంగతి చెప్పును. తల్లి లీలావతి గర్భవతియై యుండగా దేవేంద్రుడు ఆమెను చెరపట్టి కొనిపోవుచుండెను. నారదుడు విడిపించి తన యాశ్రమమున నుంచి ధర్మము బోధించెను. కాలము గడచిన కొలది తల్లి ఆ బోధను మరచెను. గర్భముననున్న శిశువు మరువలేదు. ఓ తల్లులారా, ఈ మాట మనకొరకే చెప్పినట్లున్నది. కష్టకాలమున మనము చేసిన ప్రార్థన మనకే గుర్తుండకపోవచ్చును. మన యొడిలోని బిడ్డ దానిని వినుచుండును. రేపు వాడు కర్ర పట్టవలసి వచ్చిన రాత్రి ఆ మాట వాని చేతిని పట్టుకొనును.

ఇక చివరగా, ప్రార్థించినను ఫలింపని వేళ సంగతి. ఆదోని, ఆలూరు, హొళగుంద, కోసిగి ప్రాంతముల స్త్రీలకు ఈ ప్రశ్న పుస్తకములోనిది గాదు. అది వానకై ఆకాశము వంక చూచు సీమ. కార్ణికమున మంచి మాట వినవచ్చినను మబ్బు మొగము చాటువేయు నేండ్లు గలవు. పంట యెండిన ఏడు కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకు, పత్తి తీయుటకు వలసపోవుదురు. చంటిబిడ్డలతో, ముంతలు గిన్నెలతో, బడి మాన్పించిన బాలికలతో సాగు ఆ వలస మనము పత్రికలలో చదివి మరచునది, వారు మోయునది. అట్టి తల్లికి నమ్మకముంచుమని చెప్పుటకు మనకు నోరు రాదు. కాని ఆ తల్లులే మరుసటి దసరాకు మరల కొండకు వచ్చి మాళమ్మకు పసుపు కుంకుమలు సమర్పించుచున్నారు. మనము వారికి నేర్పునది లేదు. వారివలన మనము నేర్చుకొనవలెను. ఇంద్రుడు కాదన్నను, విష్ణువు కాదన్నను మూడవ వాకిటికి నడచిన మునుల ధైర్యమిదియే.

ఈ నెల మీ యింట పాటించుటకు నాలుగు మాటలు. ఒకటి: దీపము పెట్టునపుడు మీకు ఎదురు నిలిచినవారి పేరు కూడ నొకమారు తలచి, వారికి మంచిబుద్ధి కలుగుగాక యని కోరుడు. మొదట నోరు రాదు. పది దినములకు వచ్చును. రెండు: కోరిన కోరిక తీరక పోయినచో ఆ దినము దీపము మానవలదు. ఆ దినపు దీపమే యసలైనది. మూడు: ప్రార్థన ముగిసిన వెంటనే, ఆ విషయమున మీ చేతనైన పని యొకటి, ఎంత చిన్నదైనను, చేయుడు. నాలుగు: పిల్లలకు మల్లుని కథ చెప్పినచో మణి కథయు తప్పక చెప్పుడు. రాక్షసుడు చచ్చెనని విని పిల్లలు చప్పట్లు చరతురు. రాక్షసుడు మారెనని విని కొంచెము సేపు ఊరకుందురు. ఆ యూరకుండుటలో విత్తనము పడును.

రాబోవు విజయదశమి రాత్రి మీరు ఏ యూరనున్నను, జమ్మియాకు చేతికి వచ్చినపుడు, ఆ కొండక్రింది యిండ్లలో మేల్కొనియున్న అక్కచెల్లెండ్రను తలపుడు. వారి కొడుకులు ఇరువైపులవారును క్షేమముగా తెల్లవారి గుమ్మము ద్రొక్కుదురు గాక. చేసిన పాలబాస నిలుచుగాక. పిడికెడు రక్తముతో తీరిన ఋణమునకు మించి ఒక్క బొట్టయినను ఆ నేలపై బడకుండు గాక. కార్ణికమున పలికిన వాన మాత్రము తప్పక కురియుగాక.